రావాల్సిన మనిషి రాలేదు

మొన్న పొద్దున మా ఆస్పత్రి స్పీకర్లలో ఒక మాట వినిపించింది. "రావాల్సిన మనిషి రాలేదు. గేటు దగ్గరి నుంచి ఒకరు పోవాలి." ఎవరికీ గుండె ఆగలేదు, ఎక్కడా మంట లేవలేదు. థియేటర్‌లో పేషెంటు బల్ల మీద పడుకుని ఉంది. మత్తు ఇవ్వాల్సిన కుర్ర డాక్టరు రాలేదు, ఫోను ఎత్తడం లేదు. అంతే. గేటు దగ్గర సెక్యూరిటీ చూసే సమ్మయ్య టోపీ తీసి కుర్చీలో పెట్టి, బండి స్టార్ట్ చేసుకుని ఆ డాక్టరు ఇంటికి బయలుదేరాడు.

తీరా చూస్తే డాక్టరు ఫోను సైలెంట్‌లో పెట్టి ఇంట్లో మర్చిపోయాడు, కాజీపేట బ్రిడ్జి మీద లారీ ఆగిపోతే దాని వెనక ఇరుక్కున్నాడు. సమ్మయ్య ఆయన ఇంటి తలుపు కొట్టి, ఆయన భార్యను హడలగొట్టి తిరిగి వచ్చేసరికి ఆయన థియేటర్‌లోనే ఉన్నాడు. ఆపరేషన్ ముగించుకుని డాక్టరు నేరుగా నా గదికి వచ్చాడు.

"మేడమ్, నేనేమన్న చిన్న పిల్లగాన్నా? జర లేటైతే ఇంటికి సెక్యూరిటీని తోలుతరా? మా ఆమె ఏడ్చుకుంట చుట్టాలందరికి ఫోన్లు కొట్టింది."

"తోలుతం. రేపు లేటైనా తోలుతం."

"ఎవరు పెట్టిన్రు ఈ రూలు?"

"నేనే."

"ఏ పుస్తకంల ఉంది?"

"ఏ పుస్తకంల లేదు. వరంగల్‌ల ఉంది."

ఆయన తలుపు గట్టిగా వేసి పోయాడు. నాకేం బాధ లేదు. మా ఆస్పత్రిలో నాది క్వాలిటీ ఉద్యోగం. అంటే, చేతులు కడుక్కున్నారా లేదా అని డాక్టర్లను అడిగి తిట్లు తినే ఉద్యోగం. తలుపుల చప్పుడు నాకు అలవాటే. ఈ పిల్లవాడు ఊరికి కొత్త. ఈ రూలు ఎవరి వల్ల పుట్టిందో ఆ మనిషిని చూడలేదు. చూసి ఉంటే నన్ను ఆ ప్రశ్న అడిగేవాడు కాదు.

ఆమెను హన్మకొండలో, వరంగల్‌లో అందరూ మత్తు మేడమ్ అనేవారు. పేషెంట్లు, ఆయాలు, మందుల షాపు వాళ్లు, చివరికి సర్జన్లు కూడా. ఆమెకూ ఒక పేరు ఉండేది, పేరు వెనక డిగ్రీలు ఉండేవి. అవి ఏ ఆస్పత్రి బోర్డు మీదా ఎక్కలేదు. మా దగ్గర చాలా ఆస్పత్రులకు సొంతంగా మత్తు డాక్టరు ఉండరు. ఆపరేషన్ ఉన్న పూట పిలిపించుకుంటారు. ఆమె పొద్దున ఒకచోట సిజేరియన్, అటునుంచి ఇంకోచోట విరిగిన కాలు, మధ్యాహ్నం మా దగ్గర గర్భసంచి, ఇలా రోజంతా పాత తెల్ల కారులో ఊరు చుట్టేది. అన్ని ఆస్పత్రుల్లోనూ ఆమె ఉండేది. ఏ ఆస్పత్రిలోనూ ఆమెకు కుర్చీ ఉండేది కాదు.

థియేటర్ లోపల వేసుకునే చెప్పులు ప్రతిచోటా ఉంటాయి. వాటి మీద అక్కడి డాక్టర్ల పేర్లు స్కెచ్ పెన్నుతో రాసి ఉంటాయి. ఆమె తన ఆకుపచ్చ రబ్బరు చెప్పులు ప్లాస్టిక్ కవర్లో వెంట తెచ్చుకునేది. ఒక చేతిలో ఆ కవరు, భుజానికి నల్ల సంచి. సంచి నిండా గొట్టాలు, టేపు చుట్టలు, కత్తెర, ఖర్జూర పండ్ల డబ్బా. మధ్యాహ్నం అన్నం మా పార్కింగ్‌లో, కారులోనే, అద్దాలు దించుకుని.

"డాక్టర్ల రూముల కూసోని తినొచ్చు గదా మేడమ్, ఏసీ ఉంది" అన్నాను ఒకసారి.

"నీ దవాఖానల కూసోని తింటే ఎదురు దవాఖానోడు మొఖం ముడుచుకుంటడు. ఆడ తింటే మీ సారు ముడుచుకుంటడు. నా కారుల తింటే ఎవ్వలకు నొప్పి లేదు" అంది, పప్పన్నం కలుపుకుంటూ. ఆమెది పరకాల. బట్టల దుకాణం వాళ్ల ఇల్లు. ఉర్దూ కంటే తెలుగే ఎక్కువ మాట్లాడేది. తెలుగులో తిట్టడం ఉర్దూలో తిట్టడం కంటే సుఖంగా ఉంటుందని ఆమె అభిప్రాయం.

మత్తు ఇచ్చే ముందు పేషెంటును ఒకటే ప్రశ్న అడిగేది. "ఏం కూర తినబుద్ధయితాంది?" ముందు రోజు నుంచి కడుపు మాడ్చుకుని, భయంతో వణికిపోతూ బల్ల మీద పడుకున్న మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదు అది. కానీ అడిగేది. ఆ ముసలవ్వ చింతచిగురు పప్పు అనో, ఆ పిల్లవాడు కోడికూర అనో చెబుతూ చెబుతూ నిద్రలోకి పోయేవారు. రంజాన్ నెలలో అయితే "నేను గూడ నీ లెక్కనే ఒక్కపొద్దు బిడ్డా, ఇద్దరం పొద్దుమీకి తిందాం" అనేది. మెలకువ రాగానే వాళ్లకు మొదట వినబడేది కూడా ఆమె గొంతే. "లే అవ్వా. చింతచిగురు పప్పు అన్నవ్. లే." ఎవరు ఏ కూర అన్నారో ఆమె మర్చిపోయేది కాదు.

మా ఇద్దరికీ పరిచయం కొట్లాటతో మొదలైంది. మా గోడల మీద అతికించిన రంగుల చార్టు నాది. ఆపద వచ్చినప్పుడు స్పీకర్లో ఒక రంగు పేరు చెప్తారు. నీలం అంటే ఎవరికో గుండె ఆగింది. ఎరుపు అంటే మంట. గులాబి, అంటే కోడ్ పింక్, పసిపిల్ల కనబడడం లేదని. విన్న సిబ్బంది ఉరకాలి, విన్న పేషెంట్లు బెదరకూడదు, అందుకే రంగులు. ఆ చార్టు కోసం నేను మా యజమానితో ఎంత వాదించానో నాకే తెలుసు. ఆయనకు ఆ గోడ మీద తన సన్మానం ఫొటో పెట్టుకోవాలని ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం లేబర్ రూములో పుట్టిన పాప ఊపిరి తీసుకోలేదు. అక్కడ ఉన్న నర్సు మా దగ్గర చేరి వారం కాలేదు. ఆమె అంతకుముందు పనిచేసిన ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకు ఊపిరి ఆడకపోతే కోడ్ పింక్ అంటారు. పాపం ఆ పిల్ల ఫోనెత్తి అదే చెప్పింది. టెలిఫోన్ దగ్గరి అమ్మాయి అదే స్పీకర్లో చెప్పింది. మా వాళ్లు నేను నేర్పినట్టే చేశారు. పిల్లను ఎవరో ఎత్తుకుపోతున్నారనుకుని గేటు మూశారు, మెట్ల తలుపులకు తాళాలు వేశారు, లిఫ్టు ఆపారు. పిల్లల డాక్టరు కింది అంతస్తులో ఆ తాళం వెనకే నిలబడిపోయాడు.

మత్తు మేడమ్ అప్పుడు కారులో అన్నం తింటోంది. పింక్ అని వినబడగానే ఎంగిలి చేత్తోనే నల్ల సంచి ఎత్తుకుని ఉరికింది. పొద్దున ఆమె పోయి వచ్చిన ఆస్పత్రిలో పింక్ అంటే ఊపిరాడని బిడ్డే. గేటు మూసి వచ్చి లోపలి తలుపుకు అడ్డంగా సమ్మయ్య.

"ఎవ్వలు పోవద్దు, ఎవ్వలు రావద్దు మేడమ్. సంచి తెరువున్రి."

"జరుగు సమ్మయ్యా, పైన పిల్లకు పానం మీదికొచ్చింది."

"పిల్లను ఎత్తుకపోయిన్రంట మేడమ్. సంచులు చూసే దాంక ఎవ్వలను ఇడవద్దన్నరు."

ఆమె సంచి మొత్తం నేల మీద బోర్లించింది. గొట్టాలు, టేపు చుట్టలు, ఖర్జూరాలు. "చూసుకో. పిల్ల ఉన్నదా?" అంది. సమ్మయ్య వంగి నిజంగానే చూశాడు. అప్పుడే పైనుంచి, ఎవరైనా మత్తు డాక్టరు ఉంటే పంపమని సమ్మయ్యకు ఫోను వచ్చింది. ఆమె కావలసినవి ఏరుకుని, అంతస్తు అంతస్తుకూ తలుపు బాదుకుంటూ పైకి పోయింది. ఆ లోపల సీనియర్ సిస్టర్ ఒకామె పాపకు చేత్తో గాలి కొడుతూనే ఉంది. మేడమ్ గొంతులోకి గొట్టం వేసింది. పాప రంగు తిరిగింది. అంబులెన్సులో పెద్ద ఆస్పత్రికి పంపించారు. ఆ తల్లిది నర్సంపేట అవతల ఏదో ఊరు. వాళ్లు మళ్లీ మా గడప తొక్కలేదు. తొక్కుతారని నేను అనుకోలేదు.

మర్నాడు ఆమె నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ చార్టుల పింక్ అంటే ఏంది?"

"పిల్ల తప్పిపోవుడు."

"నేను పొద్దుగాల పోయే దవాఖానల పింక్ అంటే పిల్లకు ఊపిరి లేకపోవుడు. చౌరస్తా కాడి దాంట్ల కాన్పు కష్టమైతే పింక్. ఇంకోటున్నది, వాళ్లకు పింక్ అంటే ఏందో వాళ్లకే తెల్వదు. గోడకు మంచిగ కొడతాందని ఏసుకున్నరు."

"ఎవల చార్టు వాళ్లకుంటది మేడమ్. మా చార్టు తప్పు గాదు. ఆ నర్సు చదవాలె."

"చదువుతది. ఆర్నెల్లకు ఇంకో దవాఖానకు పోతది. ఆడ ఇంకో చార్టు చదువుతది. నీ చార్టు నీ బిల్డింగుల కరెక్టే. నేను నీ బిల్డింగుల ఉండ."

నేను వాదించాను. నాకు వాదించడం రాకపోతే కదా. నర్సులకు ట్రైనింగ్ ఇస్తే చాలన్నాను, బయటి నుంచి వచ్చే డాక్టర్లు చదువుకుని రావాలన్నాను. ఇప్పటికీ అంటాను, మా చార్టు తప్పు కాదు. ఆమె అంతా విని, "అయితే నడువు" అంది.

"ఎటు?"

"అందరి చార్టులు తప్పు గావని అందరు చెప్తరు. పోయి ఇని వద్దాం."

అలా మేము ఊరు తిరగడం మొదలుపెట్టాం. సెలవు పూటల్లో, ఆమె కారులో. వెనక సీట్లో ఆకుపచ్చ చెప్పులు, ముందు సీట్లో కొట్లాట. ఆమెకు కావలసింది ఒకటే. ఈ ఊళ్లో ఏ ఆస్పత్రిలో ఏ మాట వినబడినా అన్నిచోట్లా దానికి ఒకటే అర్థం ఉండాలి. అంతకంటే ముందుకు పోయి, అసలు రంగులే వద్దనేది. "గుండె ఆగింది, మూడో అంతస్తు" అని తేట తెలుగులో చెప్పమనేది. నేను ఒప్పుకోలేదు. మనిషి చావుబతుకుల్లో ఉంటే ఆ సంగతి క్యాంటీన్‌లో చాయ్ తాగేవాడికి కూడా ఎందుకన్నాను. "ఆ చాయ్ తాగేటోడే డాక్టరైతే?" అంది. నేను జవాబు మొదలుపెట్టేసరికి ట్రాఫిక్ లైటు పడింది, ఆమె దృష్టి హారన్ మీదికి పోయింది.

చివరికి ఆస్పత్రుల వాళ్లందరినీ ఒక హోటల్ హాల్లో కూర్చోబెట్టాం. వచ్చిన వాళ్లు మొదట సమోసాల గురించి, తర్వాత రంగుల గురించి మాట్లాడారు. ఎముకల ఆస్పత్రి యజమాని తన రంగులు హైదరాబాద్ నుంచి తెప్పించినవని చెప్పాడు. అదేదో కొత్త రకం మామిడి మొక్క అయినట్టు. ఇంకొకాయన గులాబి అంటే రాజకీయం అవుతుందన్నాడు. పక్కాయన, మరి కాషాయం పెడితే కాదా అన్నాడు. వెనక నుంచి ఎవరో, ఎరుపు అంటే మన వరంగల్‌లో వేరే జమానా యాదికొస్తదన్నారు. నవ్వులు. పిల్లల ఆస్పత్రి డాక్టరు మాత్రం నవ్వలేదు. "తెలుగుల చెప్తే పేషెంట్లు భయపడి పోతరు మేడమ్. దవాఖాన ఖాళీ అయితది" అన్నాడు.

ఆమె అప్పటిదాకా చివరి కుర్చీలో కూర్చుని ఉంది. లేచింది.

"భయపడనియ్ సారూ. నీ దగ్గర మైకుల కోడు చెప్తే ఉరికొచ్చేది ఎవలు? నీ జీతగాళ్లు. నేను నీ జీతగత్తెను గాను. కానీ నీ థియేటర్ల ఉంట. నాకు అర్థమయ్యేటట్టు చెప్తే నేను గూడ ఉరుకుత. ఇంకేం అడుగుతలేను. పిలిస్తే నాకు తెల్వాలె, పిలిచింది నన్నే అని."

ఎముకల ఆస్పత్రి యజమాని చేతిలోని సమోసా పళ్లెంలో పెట్టి పెన్ను తీశాడు.

పూర్తిగా గెలిచామని చెప్పను. చాలామంది ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకున్నట్టు తలూపి పోయారు. పిల్లల ఆస్పత్రి ఆయన ససేమిరా అని, మూడు నెలల తర్వాత ఎవరికీ చెప్పకుండా మార్చుకున్నాడు. రంగులు పోయాయి. నాలుగు మాటలు మిగిలాయి. గుండె ఆగింది. పసిపిల్లకు ఊపిరి లేదు. పిల్ల కనబడడం లేదు. మంట లేచింది. చెప్పి, ఏ అంతస్తో చెప్పాలి. నేను ఓడిపోయాను కాబట్టి అక్షరాలు నేనే రాయించాను, పెద్దవిగా, చూపు ఆనని వాళ్లకు కూడా కనబడేటట్టు. ప్రతి ఆస్పత్రికీ ఆమే తీసుకుపోయి, నల్ల సంచిలోంచి టేపు తీసి, పళ్లతో తెంపి గోడకు అంటించింది. కత్తెర ఉంది కదా మేడమ్ అంటే, అది పేషెంట్లది అనేది.

సమ్మయ్యను మాత్రం ఆమె వదల్లేదు. ఆ సంచి సంగతి తర్వాత, మా దగ్గర పని ముగించుకుని పోయే ప్రతిసారీ కారు ఆపి, అద్దం దించి, నల్ల సంచి నోరు తెరిచి చూపించేది.

"చూసుకో సమ్మయ్యా. పిల్లలు లేరు."

మొదట్లో ఆయన సిగ్గుతో చచ్చిపోయేవాడు. "తప్పయింది మేడమ్, ఎన్నిసార్లంటరు" అనేవాడు. "తప్పేం గాదు, నీ డ్యూటీ నువ్వు చేసినవ్. ఇప్పుడు గూడ చెయ్యి" అనేది. పోను పోను అది వాళ్లిద్దరి ఆట అయింది. సమ్మయ్య వంగి గంభీరంగా లోపలికి చూసేవాడు. "లేరు మేడమ్, పోన్రి." ఆమె ఒంటరి మనిషి. పెళ్లి ఎందుకు కాలేదో నేను అడగలేదు, నాది ఆమె అడగలేదు. పిల్లలు లేరు అని రోజూ నవ్వుతూ చెప్పేది. నేను పై కిటికీలోంచి చూసేదాన్ని. అందరికీ నవ్వే కనబడేది. నాకు నచ్చేది కాదు. ఎందుకు నచ్చదో ఆమెతో చెప్పేంత ధైర్యం నా నోటికి కూడా లేదు.

ఒకనాడు సమ్మయ్య ఆమె సంచిలోకి చూడకుండా, "మేడమ్, మా నర్సంపేట దిక్కోళ్లు చెప్పిన్రు. ఆ రోజు ఊపిరాడని పాప నడుస్తాందట. మాటలే ఇంకా రాలేదట" అన్నాడు. ఆమె సంచి మూయలేదు. అలాగే చేత్తో పట్టుకుని కూర్చుంది. వెనక బండి వాడు హారన్ కొట్టాడు. "వస్తయి" అని కారు తీసింది.

ఇంకో సంగతి నా సొంతం. నాకు పిత్తాశయంలో రాళ్లు పడ్డాయి. మా ఆస్పత్రిలోనే ఆపరేషన్. అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. చేరేటప్పుడు కౌంటర్ అమ్మాయి "అటెండెంట్ ఎవరు మేడమ్, వెంట ఉండేటోళ్లు?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆ కాగితంలో పెట్టించింది నేనే. జవాబు ఉండని వాళ్లు కూడా ఉంటారని అప్పుడు తట్టలేదు. వెనక నుంచి మత్తు మేడమ్ గొంతు.

"నా పేరు రాయి."

"మత్తిచ్చేటోళ్లు అటెండెంట్ గారాదు" అన్నాను. రూలు రూలే.

"అయితే సమ్మయ్య పేరు రాయి. మత్తు దిగే దాంక నేను డాక్టర్ను. నువ్వు లేచినంక ఇద్దరం అటెండెంట్లం."

సమ్మయ్య పేరే రాశారు. ఆయన గేటు దగ్గర నుంచి వచ్చి, టోపీ చంకలో పెట్టుకుని, పెళ్లి పెద్దలాగా సంతకం చేసి పోయాడు. బల్ల మీద పడుకున్నాక ఆమె ముఖం నా ముఖం మీదికి వంగింది. "ఏం కూర తినబుద్ధయితాంది?"

"నన్ను గూడ అడుగుతరా?"

"నువ్వు మనిషివి గాదా?"

"పచ్చిపులుసు" అన్నాను. అది కూర కాదని ఆమె అనబోతుండగా నిద్రపోయాను. లేచేసరికి ఆ వాక్యమే నడుస్తోంది. "పచ్చిపులుసు కూర గాదు. లే. లేచి కొట్లాడు."

మర్నాడు టిఫిన్ డబ్బాలో పచ్చిపులుసు తెచ్చింది. రెండు చెంచాలు మింగాక అసలు సంగతి చెప్పాను. పులుపు ఎక్కువ, ఉప్పు లేదు, ఉల్లిగడ్డ మరీ లావుగా కోశారని. "ఒక్కదానికే వండుకునేటోళ్లకు కొలతలు కుదరయి" అంది ఆమె. అన్నీ ఒప్పుకుని, డబ్బా మూత పెట్టి, మంచం పక్క స్టూలు మీద కూర్చుని తనే తాగేసింది. నేను ఆమెను ఒక ఆస్పత్రి లోపల కూర్చుని తినగా చూసింది ఆ ఒక్కసారే.

"మీకెవరు మేడమ్ అటెండెంట్? రేపు మీకు ఆపరేషన్ అయితే?"

"ఈ ఊర్ల మత్తు డాక్టర్లు సగం మంది నా దగ్గర నేర్చుకున్నోళ్లే. పండవెట్టేటోళ్లకు ఫికర్ లేదు" అంది. తర్వాత డబ్బా అడుగున మిగిలిన ఉల్లిగడ్డ ముక్కను వేలితో తీసి నోట్లో వేసుకుంది. "లేపేటోళ్లనే చూసుకోవాలె."

ఆ తర్వాతి వానాకాలంలో, ఒక మామూలు పొద్దున, ఆమె మా దగ్గరికి రాలేదు. సర్జన్ కాసేపు చూసి, ముందటి ఆస్పత్రిలో ఆలస్యమై ఉంటుందన్నాడు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. థియేటర్‌లో ఉంటే ఎత్తదు కదా అనుకున్నారు. ఇంకో మత్తు డాక్టరును పిలిపించుకున్నారు, ఆపరేషన్ అయిపోయింది. పని ఆగలేదు. ఆమె వెళ్లాల్సిన తర్వాతి ఆస్పత్రిలో మా దగ్గర ఇరుక్కుందనుకున్నారు. ఆ తర్వాతి దాంట్లో అంతకు ముందుదాంట్లో ఉందనుకున్నారు. ప్రతి ఒక్కరూ ఇంకొకరిని తలుచుకుని కాస్త విసుక్కుని, వేరే డాక్టరుకు ఫోను చేశారు. అంతటి మనిషి ఆ రోజు ఊరంతటా ఒకేసారి లేకుండా పోయింది, ఎక్కడా ఎవరికీ లోటు కనబడలేదు.

సాయంత్రం దిగేటప్పుడు సమ్మయ్య నన్ను ఆపాడు.

"మేడమ్, మత్తు మేడమ్ ఇయ్యాల సంచి చూపియ్యలే."

"రాలేదు సమ్మయ్యా. వేరే కాడ కేసు ఉండొచ్చు."

"చౌరస్తా దవాఖాన గేటోన్ని అడిగిన. మీ తాన ఉన్నదనుకున్నం అన్నడు."

నేను అక్కడే నిలబడి ఒక్కో ఆస్పత్రికీ ఫోను చేశాను. అందరిదీ ఒకటే జవాబు. మీ దగ్గర ఉందనుకున్నాం. ఆ మాట మూడోసారి విన్నాక నాలుగో చోటికి ఫోను చేయలేదు. సమ్మయ్య బండి వెనక కూర్చున్నాను. నయీంనగర్‌లో ఆమె ఉండే అపార్ట్‌మెంట్ ముందు తెల్ల కారు అలాగే ఉంది, అద్దాల మీద వాన నీళ్లు. వాచ్‌మన్‌ను పట్టుకొచ్చి తాళం పగలగొట్టించాం. ఆమె వంటింటి కుర్చీలో, గోడకు తల ఆనించి ఉంది. తలుపు పక్కన నల్ల సంచి, దాని మీద ఆకుపచ్చ చెప్పుల కవరు, బయలుదేరడానికి సిద్ధంగా. గుండె అన్నారు. పొద్దున్నే అయి ఉంటుందన్నారు. పొద్దున ఎవరైనా వచ్చి ఉంటే ఏమయ్యేదో నేను ఏ డాక్టరునూ అడగలేదు.

మర్నాడు పరకాల నుంచి తమ్ముడి కొడుకు వచ్చి తీసుకుపోయాడు. బండి కదిలేముందు ఆ సందు నిండిపోయింది. తెల్ల చీరలు, నీలం డ్రెస్సులు, ఆకుపచ్చ గౌన్లు, అన్ని ఆస్పత్రుల వాళ్లూ. ఆ ఊళ్లో అన్ని ఆస్పత్రుల వాళ్లు ఒకచోట చేరడం నేను చూడటం రెండోసారి. మొదటిది సమోసాల మీటింగు. మగవాళ్లు కొందరు బండి వెంట పోయారు. ఆడవాళ్లం సందులోనే నిలబడ్డాం. ఎముకల ఆస్పత్రి సిస్టర్ నా చెయ్యి పట్టుకుని "మీ తాన ఉన్నదనుకున్నం మేడమ్" అంది. పక్కన ఇంకొకామె ఇంకొకామెతో అదే అంటోంది. ఆ సందులో ఆ ఒక్క మాటే అటూ ఇటూ తిరిగింది.

తర్వాత జరిగిన మీటింగులో నేను లేచి, ఐదో మాట కావాలన్నాను. రావాల్సిన మనిషి రాలేదు. వేళకు రాకుండా, ఫోను ఎత్తకుండా ఉంటే, ఎక్కడో ఉండి ఉంటారులే అని ఎవరూ అనుకోకూడదు. గేటు దగ్గరి నుంచి ఒక మనిషి ఇంటి దాకా పోవాలి. డాక్టరైనా, ఆయా అయినా. వాదనకు సిద్ధపడే వెళ్లాను, జవాబులన్నీ నాలుక చివర పెట్టుకుని. పిల్లల ఆస్పత్రి డాక్టరు తలూపి, ఎన్ని కాపీలు కావాలని అడిగాడు. వాదన లేకుండా గెలవడం నాకు అదే మొదటిసారి. అలాంటి గెలుపు ఎవరికీ వద్దు.

మొన్న సాయంత్రం ఆ కుర్ర డాక్టరు మళ్లీ తగిలాడు, గేటు దగ్గర. పొద్దుటి కోపం ఇంకా చల్లారలేదు.

"మరి మీరు రాకపోతే ఎవరొస్తరు మేడమ్ మీ ఇంటికి? రూలు మాకేనా?"

నా దగ్గర లేని జవాబు లేదని ఊళ్లో పేరు. సమ్మయ్య గేటు కడ్డీ ఎత్తుతూ, అటు చూడకుండానే చెప్పాడు.

"నేనే పోత సారూ. ఆపరేషనప్పుడు అటెండెంట్ కాడ నా పేరే రాసిన్రు. ఇంకా కొట్టెయ్యలే."

డాక్టరు కారు పోయింది. నేను హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, సమ్మయ్య ముందు తెరిచి పట్టుకున్నాను. ఆమె పోయినప్పటి నుంచి రోజూ చేస్తున్నాను. పిల్లలు లేరు అన్న మాట మాత్రం అననేలేదు, అది ఆమెది. ఆయన వంగి, లోపలికి గంభీరంగా చూశాడు. గొడుగు, కళ్లద్దాల డబ్బా, ఇంటి తాళం చెవి.

"పోన్రి మేడమ్" అన్నాడు. "రేపు పొద్దుగాల మీరు రాకుంటే నేనే వస్త."